పాట అడుగున నీలకంఠం

నీలకంఠానికి పాటలో పాట వినిపించదు. ఈ మాట అలంకారం కోసం రాయడం లేదు. న్యాయశాస్త్రం చదివినవాణ్ని, సాక్ష్యం లేని వాక్యం రాయడం నాకు చేతకాదు. ఊరంతా తలలూపుతున్న పాట రేడియోలో వస్తుండగా, పాడుతున్నది ఆడమనిషా మగమనిషా అని అతన్ని అడగండి. కళ్ళు చిట్లించి, చెవి ఒగ్గి, చిత్తశుద్ధితో ప్రయత్నించి, చివరికి "ఎవులైనా పాడతన్నారేటి బావ?" అంటాడు.

అతను వినేది ఒక్కటే. పాట అడుగున, ఎవరూ దిగి చూడని లోతులో, దుం దుం అంటూ నడిచే బేస్ గిటారు. మిగతావాళ్ళు మేడ చూసి మెచ్చుకుంటూంటే అతను వంగి పునాదిని నిమిరే రకం. వినడంతో ఆగితే సహించేవాణ్ని. విన్నదాన్నల్లా నోటు పుస్తకంలోకి ఎక్కించేవాడు. ఉద్యోగం పోర్టులో క్రేన్ల ఎలక్ట్రీషియన్. నివాసం మల్కాపురంలో, మా యూనియన్ ఆఫీసు పక్క గది. ఆ గదికీ మా ఆఫీసుకూ మధ్య ఉన్నది ఒకే ఒక ప్లైవుడ్ గోడ. ఈ వ్యాసంలోని నా కష్టాలన్నీ ఆ గోడ మందం తక్కువ కావడం వల్ల వచ్చినవే.

అతనంటే నాకు అసూయ. ఇది నేను ముందే ఒప్పుకుంటున్నాను, తరవాత ఎవరో నా మీద రుజువు చేయడం కంటే అది మర్యాద.

గిటారు అతనికి ఒక విదేశీ ఓడలోని వంటవాడు ఇచ్చాడు. ఆ ఓడ సరుకు దింపడానికి పదకొండు రోజులు ఆగింది. ఆ పదకొండు రోజుల్లో నీలకంఠం వంటవాడి టేప్ రికార్డర్ బాగు చేశాడు, వంటవాడు నీలకంఠాన్ని పాడు చేశాడు. గిటారుకు నాలుగే తీగలు. వాటి ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక నీలకంఠం తనకు తెలిసిన రేవు పడవల పేర్లు పెట్టుకున్నాడు. అన్నిటికంటే లావు తీగ డ్రెడ్జరు. దాని తరవాతది టగ్గు. తరవాత లాంచీ. సన్నది తెప్ప. ఏ తీగను ఎన్నో మెట్టు మీద నొక్కాలో అంకె వేసేవాడు. అతని పుస్తకంలో నా కంట పడినంతవరకు "డ్రెడ్జరు 3, డ్రెడ్జరు 3, టగ్గు 2, లాంచీ 0" అని ఉండేది.

నౌకాదళం ఉన్న ఊళ్ళో ఇలాంటి పుస్తకం సంచిలో పెట్టుకుని తిరగవచ్చునా? 1980 వేసవిలో ఒక గేటు దగ్గర కాపలావాడు టిఫిన్ డబ్బా కింద ఆ పుస్తకం చూశాడు. ఓడల రాకపోకలు రాసుకుంటున్న గూఢచారి దొరికాడని లోపల కూర్చోబెట్టారు. కబురు అందగానే నేను రెండు చట్టాల పుస్తకాలు చంకన పెట్టుకుని సిటీ బస్సెక్కాను. అక్రమ నిర్బంధం మీద ఒక ప్రసంగం దారిలోనే సిద్ధమైంది, అందులో మూడుచోట్ల నాకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

వెళ్ళేసరికి కాపలావాడూ అతని పై అధికారీ చెరొక స్టూలు మీద కూర్చున్నారు. నీలకంఠం బల్ల మీద వేళ్ళతో కొడుతూ నోటితో దుం దుం అంటున్నాడు. అధికారి పేజీ మీద వేలు పెట్టి, "మరి ఇక్కడ టగ్గు మీద ఏడు ఎందుకు?" అని అడుగుతున్నాడు.

"అక్కడ ఆ మనిసికి కొంచెం దుక్కం ఒత్తాదండి. అందుకని పైకెల్తాడు. మళ్ళీ సర్దుకుని డ్రెడ్జరు మీదికి దిగిపోతాడు."

అధికారి సానుభూతిగా తలూపాడు. నీలకంఠానికి టీ ఇచ్చారు. నాకు ఇవ్వలేదు. నా ప్రసంగం ఈ రోజు వరకు ఎవరూ వినలేదు.

అతని పని పద్ధతి కూడా చెప్పాలి. బేసు చెవికి అందనంత లోతున ఉంటే, నలభై అయిదు వేగంతో తిరగవలసిన రికార్డును డెబ్భై ఎనిమిది మీద పెట్టేవాడు. అడుగున ఉన్న దుం దుం పైకి తేలి చేతికి చిక్కేది. పాడేవాళ్ళు మాత్రం ఉడతలైపోయేవారు. ఆ కిచకిచల మధ్య నేను గోడకు ఇవతల పారిశ్రామిక వివాదాల చట్టం బోధించాను. ఒక్క నాలుగు సెకన్ల ముక్క కోసం అతను ముల్లును అరవై మూడు సార్లు ఎత్తి పెట్టాడు. నేను లెక్కపెట్టాను. అరవై నాలుగోసారికి ముల్లు ఆగింది, అతనే మా ఆఫీసులోకి వచ్చేశాడు.

"దొరికింది బావ. అందరూ పరిగెడతన్నారా, ఈడొక్కడూ ఒక అడుగేసి ఆగిపోనాడు. ఆగి, ఆళ్ళు ఒచ్చి అందుకునేదాకా సూసినాడు. ఎంత మరియాదస్తుడో సూడు."

"నేను తరగతి చెబుతున్నాను, నీలకంఠం."

అతను గదంతా కలియజూశాడు. గదిలో నేనూ, కుర్చీల మీద నమ్మకం లేక మూలన నిలబడ్డ వాచ్‌మన్ గవర్రాజూ ఉన్నాం. "ఎవులికి?" అని అడగలేదు. అడిగి ఉంటే అతన్ని ద్వేషించడానికి నాకు ఒక సౌకర్యం దొరికేది.

అసలు గాయం అదే. ప్రతి ఆదివారం సాయంత్రం అయిదింటికి "కార్మికుడూ చట్టమూ" అనే తరగతి నడిపేవాణ్ని. ముఖ్యంగా చిప్పింగు కార్మికుల కోసం, అంటే ఓడల కడుపులోకి దూరి సుత్తులతో తుప్పు గొట్టేవాళ్ళ కోసం. మొదటి ఆదివారం ఇరవై ఇద్దరు వచ్చారు. రెండో ఆదివారం తొమ్మిది మంది. రెండో నెలకు గవర్రాజు ఒక్కడే మిగిలాడు, అతనూ తలుపు తాళం వేయవలసి ఉన్నందువల్ల. నేను శ్రద్ధ తగ్గించలేదు. జనం తగ్గినకొద్దీ ఇంకా గట్టిగా చెప్పాను. అన్యాయం గురించి మాట్లాడుతుంటే నా గొంతు దానంతటదే పైకి, ఇంకా పైకి వెళ్ళిపోయేది. దాన్ని నేను నిజాయితీ అనుకునేవాణ్ని.

ఆ ఇరవై ఇద్దరూ ఎక్కడికి పోయారు? గోడ అవతలికి. నీలకంఠం ఓడ సరుకు వచ్చే చెక్కపెట్టెకు స్పీకరు బిగించుకున్నాడు. వాళ్ళంతా ఆ పెట్టె చుట్టూ నేల మీద చేరి, అరచేతులు పెట్టెకు ఆనించి, అతను వాయిస్తుంటే కళ్ళు మూసుకునేవారు. పాట లేదు, మాట లేదు, రెండు గంటల పాటు దుం దుం. శ్రామికవర్గ చైతన్యానికి ఇంతకంటే అవమానం ఉంటుందా అని నేను మా అమ్మ మహాలక్ష్మమ్మను అడిగాను. ఆమె చేపల పులుసు గిన్నెలోకి తీస్తోంది. నాకు కాదు, అతనికి.

"ఆ గుంటడు ఎవులి జోలికీ పోడు. నువ్వు అన్నం తింటన్నప్పుడు కూడా ఎవుడో ఒకడి మీద కేసెడతావు," అని తల ముక్క అతని గిన్నెలో వేసింది.

ఒకసారి అతను నా వృత్తి సహాయం కోరాడు. రికార్డు అట్ట తెచ్చి ముందు పెట్టాడు. పాడినవాళ్ళ పేర్లు, రాసినవాళ్ళ పేర్లు, చివరికి అట్ట అచ్చు వేసిన ప్రెస్సు పేరు కూడా ఉన్నాయి. బేసు వాయించినవాడి పేరు లేదు. నోటీసు ఇవ్వమన్నాడు. అలాంటి చట్టం లేదన్నాను. "నేకపోతే రాయించు బావ. నువ్వు సదూకున్నది మరెందుకేటి?" అన్నాడు. చదువుకున్నవాళ్ళు ఎవరికి ఉపయోగపడుతున్నారని నేను మూడేళ్ళుగా సభల్లో అడుగుతున్న ప్రశ్నను అతను ఒక్క ముక్కలో నన్నే అడిగాడు. వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

1982లో సూరన్న వ్యవహారం వచ్చింది. సూరన్న ఇరవై ఏళ్ళుగా ఒక ప్రైవేటు మరమ్మతు యార్డులో చిప్పింగు పని చేస్తున్నాడు. యార్డు పేరు ఇక్కడ అనవసరం. క్రేను బరువు ఎత్తేముందు ఫోర్‌మన్ మూడు చిన్న ఈలలు వేస్తాడు, కింద ఉన్నవాళ్ళంతా బయటికి రావాలి. ఆ రోజు సూరన్న రాలేదు. క్రేను ఆపారు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ బుద్ధిపూర్వకంగా ఆజ్ఞ ధిక్కరించాడని ఛార్జిషీటు ఇచ్చారు. విచారణలో అది రుజువైతే ఉద్యోగం పోతుంది. ఇంట్లో సంపాదించేవాడు అతనొక్కడే.

సూరన్న తరఫున నా వాదన స్పష్టం. ఇనప గదుల్లో సుత్తి మోతకు సూరన్న చెవులు పోయాయి, ఈల వినబడలేదు. అయితే యాజమాన్యం డాక్టరు అతని వెనక నిలబడి, తన బండ గొంతుతో "సూరన్నా" అని పిలిచాడు. సూరన్న వెంటనే తిరిగి "బాబూ" అన్నాడు. చెవులు బాగున్నాయని డాక్టరు రాసిచ్చాడు. అది చాలదన్నట్టు యాజమాన్యం రెండో సాక్షిని ప్రకటించింది. చెవిటివాడినని చెప్పుకుంటున్న ఈ మనిషి ప్రతి ఆదివారం సంగీతం విని తలూపుతాడని చెప్పడానికి, నీలకంఠం.

నేను ఆ గది తలుపు తట్టలేదు, తోశాను.

"రేపు నువ్వు నిజం చెబితే సూరన్న రోడ్డున పడతాడు."

"అబద్దం సెప్పమంటావేటి బావ?"

"న్యాయవాదిగా ఆ మాట నేను అనలేను."

"మరేటి సేద్దాం?"

"ఒక మనిషికి అనుకోకుండా జ్వరం రావచ్చు."

నీలకంఠం నుదురు తడుముకుని చూసుకున్నాడు. "నాకు సిన్నప్పట్నించీ జొరం రాదు బావ," అన్నాడు బాధగా.

విచారణాధికారి రమణమూర్తి గారు గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డు ఉద్యోగి. నిదానస్థుడు. నీలకంఠం చెక్కపెట్టె ఒక చంకన, రికార్డు ప్లేయరు ఒక చంకన పెట్టుకుని హాజరయ్యాడు. ఏం వినిపిస్తావని అడుగుతారేమోనని తెచ్చాడట. యాజమాన్యం ప్రతినిధి మూడే ప్రశ్నలు అడిగాడు. సూరన్న నీ దగ్గరికి వస్తాడా? ఒత్తాడండి. నువ్వు వాయిస్తే వింటాడా? ఇంటాడండి. తాళం తప్పకుండా తలూపుతాడా? నాకంటే బాగా ఊపుతాడండి. ప్రతినిధి నా వైపు చూసి కూర్చున్నాడు. ఆ చూపు నేను ఇంకా మరిచిపోలేదు.

నేను లేచాను. సాక్షికి మతి స్థిరం లేదని రుజువు చేయడం నా ఉద్దేశం. అందుకు నా దగ్గర మూడేళ్ళ సాక్ష్యాధారాలు ఉన్నాయి. పాటలో పాడేవాళ్ళున్న సంగతే తెలియని మనిషి మాటకు విలువేమిటి? ఈ పని న్యాయం కోసమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో ఎంత భాగం చేపతల కోసమో విడదీసి చెప్పలేను.

నోరు తెరిచేలోపు సూరన్న నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి తాను లేచాడు.

రమణమూర్తి గారు గొంతు తగ్గించి, "మీ తరఫున ఈయన ఉన్నారు కదండీ?" అన్నారు.

"ఉన్నా నానడగొచ్చు బాబూ. నేరం మీద పడినోడు సాచ్చిని సొయంగా అడగొచ్చు. ఒద్దంటే ఈ ఇచారణే సెల్లదు."

అది నా ఏడో పాఠం. ఆ రోజు గవర్రాజు కూడా లేడు.

సూరన్న నీలకంఠం వైపు తిరిగాడు. "రికార్డెట్టు."

నీలకంఠం కదలలేదు. మొదటిసారి అతని ముఖంలో కోపం లాంటిది చూశాను. "ఇంతమంది ముందరా? నాను సెయ్యను. నీ సంగతి నలుగురికీ సూపించడానికి కాదు నాను వాయించింది."

"ఉజ్జోగం ఎల్లిపోతంటే సిగ్గేటి నాకు. ఎట్టేయ్."

ముల్లు దిగింది. మొదట ఒక స్త్రీ గొంతు, వాద్యాలేమీ లేకుండా, సన్నగా, ఎత్తుగా అందుకుంది. గుమాస్తా రాయడం ఆపి వింటున్నాడు. సూరన్న గోడ మీద కేలండరు చూస్తున్నాడు. రమణమూర్తి గారు వంగి, ముఖం అతనికి ఎదురుగా పెట్టి, పాట ఎలా ఉందని అడిగారు.

"ఇంకా మొదలెట్టనేదు కదండీ," అన్నాడు సూరన్న.

ఎవరూ నవ్వలేదు. ఆ గొంతు మరో చరణం పాడింది. అప్పుడు అడుగు నుంచి బేసు అడుగు పెట్టింది. సూరన్న గడ్డం లేచింది. అరచెయ్యి పెట్టె మీద పడింది, తల ఊగడం మొదలైంది. రమణమూర్తి గారు బల్ల మీద సాక్ష్యంగా పెట్టిన ఫోర్‌మన్ ఈలను తీసుకుని, సూరన్న వెనక్కి నడిచి, ఛార్జిషీటులో రాసినట్టే మూడు చిన్న ఈలలు వేశారు. గుమాస్తా చేతిలోని కలం కింద పడింది. యాజమాన్యం ప్రతినిధి చెవులు మూసుకున్నాడు. నేను అలవాటుగా అభ్యంతరం చెప్పాను. సూరన్న తాళం తప్పకుండా తలూపుతూనే ఉన్నాడు. కొంతసేపటికి మా ముఖాలు చూసి, "ఏటయ్యింది?" అన్నాడు.

సన్నటి ధ్వని అంతా అతనికి చచ్చిపోయింది. బతికి ఉన్నది అడుగు ఒక్కటే. ఆ బండ గొంతు డాక్టరు మాట వినబడిందీ అందుకే.

తొమ్మిది రోజులకు ఉత్తర్వు వచ్చింది. ఆరోపణ కొట్టేశారు. సూరన్నకు తాళ్ళ గోదాములో పని ఇచ్చారు. యార్డులో ఈలతో పాటు ఎర్ర దీపం పెట్టారు, మిగతావాళ్ళ చెవులకు సరైన పరీక్షలు చేయించారు.

ఉత్తర్వు వచ్చిన రోజు సాయంత్రం యార్డు బయట టీ బడ్డీ దగ్గర నేను సూరన్నను నిలదీశాను, ఏడో పాఠం ఎక్కడ నేర్చావని. ముఖం ఎదురుగా పెట్టి, గొంతు తగ్గించి అడగడం అప్పటికి నేర్చుకున్నాను. అతను నీలకంఠం సంచి లాగి, పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. ఎడమ పేజీల్లో డ్రెడ్జరు, టగ్గు, లాంచీ. నేనెప్పుడూ చూడని కుడి పేజీల్లో, వరస తప్పకుండా, నా పాఠాలు. గోడ అవతల కూర్చుని మూడేళ్ళు రాశాడు. నలభై నిమిషాల ప్రసంగం అతని దగ్గర అయిదు పంక్తులు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ అయిదు పంక్తుల్లో ఉంది. నలభై నిమిషాల్లో అది ఉందని ప్రమాణం చేసి చెప్పలేను.

"ముందు దగ్గర కూకుని లోగొంతుతో పాఠం సెప్తాడు, తరవాత వాయిత్తాడు. పాఠం ఇననోడికి పెట్టి మీద సెయ్యి ఏనివ్వడు," అన్నాడు సూరన్న.

"మరి నా దగ్గరికి రావడం ఎందుకు మానేశారు?"

జవాబు నీలకంఠం చెప్పాడు. "నీ గొంతు సన్నం బావ. కోపమొత్తే ఇంకా పైకెల్లిపోద్ది. ఆళ్ళకి అందదు. రెండు వారాలు నీ మొకం సూసి కూకున్నారు పాపం, లాయరు బాబు నోరు కదుపుతన్నాడు, నొచ్చుకుంటాడేమో అని."

వినలేనివాళ్ళ తరఫున మూడేళ్ళు వాళ్ళకు వినపడకుండా అరిచిన న్యాయవాదిని నేను. చట్టంలో దీనికి శిక్ష లేదు.

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే నువ్వు పాఠం మానేత్తావని."

ఇళ్ళకు నడుస్తుంటే నీలకంఠం మాకు నాలుగడుగులు ముందు, తనలో తను ఏదో కూనిరాగం తీస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి విన్నాను. బేసు కాదు. విచారణలో పెట్టిన పాటే, పల్లవి, చరణాలు, ఒక్క మాట పోకుండా, శ్రావ్యంగా. నన్ను చూసి ఆపేశాడు.

"అయితే నీకు పాడేవాళ్ళు వినిపిస్తారన్నమాట."

"ఇనపడకపోడమేటి బావ. సూరన్నోళ్ళకి అందనిదాన్ని ఆళ్ళ ముందర పొగిడితే బాగుంటాదేటి? మొదట్లో ఆళ్ళ ముందరే అలా అనేవోణ్ణి. తరవాత అలవాటైపోనాది."

మరుసటి ఆదివారం ఇరవై ఇద్దరూ నా తరగతికి వచ్చారు. నేను గొంతు దించి, తాపీగా, ఒక్కొక్క ముఖం చూస్తూ సెలవు హక్కుల గురించి చెప్పాను. అడుగు స్థాయిలో కోపం నిలవదని ఆ రోజు తెలిసింది. చెప్పవలసింది పది నిమిషాల్లో అయిపోయింది. లేవబోతుంటే సూరన్న చెయ్యెత్తి, "ఇంకోటి సెప్పు బాబూ," అన్నాడు. మిగతావాళ్ళూ కదలలేదు.

వెనక వరసలో కూర్చున్న నీలకంఠం ముఖం ముడుచుకుని, పెదవి విరిచి, నా వైపు ఓర్వలేనట్టు చూశాడు. ఆ చూపు ఇచ్చిన సంతృప్తి ఏ కోర్టులోనూ ఏ తీర్పూ నాకు ఇవ్వలేదు. నా కోసమే ఆ ముఖం పెట్టాడేమోనన్న అనుమానం నాకు లేకపోలేదు. కానీ రుజువు లేదు. అనుమానం మిగిలినచోట దాని లాభం ముద్దాయికే చెందాలి. ఇందులో ముద్దాయిని నేనే కాబట్టి, ఆ లాభాన్ని నేనే తీసుకుని రెండో పాఠం మొదలుపెట్టాను.